రాతి బంగళా గోడ మీద గాజు ముక్క

మాణిక్యానికి పాములంటే భయం లేదు. కొల్లేటి లంకలో పుట్టి పెరిగిన మనిషికి పామును చూసి కెవ్వుమనే తీరిక ఎక్కడిది? చీకటన్నా భయం లేదు, దెయ్యాలన్నా లేదు. ఆవిడ భయమల్లా ఒక బోర్డంటే.

ఏలూరులో కాలవ గట్టు మీదున్న రాతి బంగళా గేటు పక్కన పాతిన నీలం రంగు రేకు బోర్డు అది. "ఇది రక్షిత కట్టడం. దీనికి ఎటువంటి హాని కలిగించినా జైలుశిక్ష, జరిమానా" అని తెల్లటి అక్షరాలు. మాణిక్యం చదువు చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని కూడబలుక్కుంటూ నేర్చుకున్నది. ఆ కాస్తా ఎందుకు నేర్చానురా దేవుడా అని ఆవిడ అనుకునేది ఈ బోర్డు దగ్గరే. పొద్దున్నే గేటు తాళం తీసేటప్పుడు ఒకసారి, సాయంత్రం వేసేటప్పుడు ఒకసారి చదువుతుంది. చదవకుండా ఉందామనుకున్నా కళ్ళు ఊరుకోవు.

అది ఊరికే బెదిరించే బోర్డు కాదని కూడా ఆవిడకి తెలుసు. తనకి ముందు అక్కడ వాచ్‌మన్‌గా ఉన్న సత్తిబాబు, పాపం మంచివాడే, బట్టలు ఆరేసుకుందామని రెండు రాళ్ళ సందులో ఓ మేకు కొట్టాడు. బెత్తెడు మేకు. సరిగ్గా ఆ వారమే పై ఆఫీసరు రావడం, మేకు ఆయన కంట పడడం, సత్తిబాబు మూటా ముల్లే సర్దుకోవడం, అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. మేకు పీకిన చిల్లులో సున్నం కూరి పూడ్చింది మాణిక్యమే. ఆ చోటు ఎక్కడో ఇప్పుడు చూపించమంటే ఆవిడ కూడా చూపించలేదు, అంత బాగా పూడ్చింది.

సున్నం ఆవిడకి అమ్మ ఇచ్చిన విద్య. వాళ్ళమ్మ పాపమ్మ కొల్లేట్లో మోకాలి లోతు నీళ్ళలో నత్తగుల్లలు ఏరి, బట్టీ పెట్టి కాల్చి, గుల్లసున్నం చేసేది. కాలిన గుల్లల మీద నీళ్ళు చల్లితే బుస్సుమని పొంగి పిండయిపోతాయి. ఆ పొంగు చూసి సున్నం ఏపాటిదో చెప్పడం మాణిక్యానికి ఎనిమిదో ఏటికే వచ్చేసింది. ఆ తర్వాత సిమెంటు బస్తాలు ఊరూరికీ దిగాయి, గుల్లబట్టీలు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. తాపీమేస్త్రి తోమాను పెళ్ళి చేసుకుని ఏలూరు వచ్చి, పాతికేళ్ళు ఆ సిమెంటే తట్టలకెత్తి మోసింది. ఎంత కడుపు మండినా మోయక తప్పుతుందా?

పన్నెండేళ్ళ కిందట ప్రభుత్వంవాళ్ళు రాతి బంగళాను బాగుచేయించబోయి, సిమెంటు పెడితే పాత రాయి పాడైపోతుంది, గుల్లసున్నమే కావాలి, తెలిసిన మనుషులెవరు అని ఊరంతా గాలించారు. చివరికి తోమా, మాణిక్యం దొరికారు. సున్నంలో బెల్లం ఎంత, కరక్కాయ నీళ్ళు ఎంత, ఎన్నాళ్ళు నానాలి, ఇంజనీర్లు అడుగుతుంటే మాణిక్యం చెప్పింది. జన్మలో మొదటిసారి ఆవిడ చెబుతుంటే చదువుకున్నవాళ్ళు రాసుకున్నారు. పని అయ్యాక సత్తిబాబు ఖాళీ చేసిన ఉద్యోగం ఆవిడకే ఇచ్చి, గేటు పక్క గది చూపించారు. ఊడవడం, నీళ్ళు చల్లడం, వచ్చినవాళ్ళకి చూపించడం. అదీ ఆవిడ ఉద్యోగం.

బంగళా గురించి ఆవిడకి తెలిసిందంతా తోమా చెప్పిందే. కాలవలు తవ్విన రోజుల్లో ఎవరో దొర కట్టించాడంటారు. రాయి మెట్ట ప్రాంతం నుంచి ఎడ్లబళ్ళ మీద వచ్చిందట. వరదలొస్తాయని నేలను నిలువెత్తు లేపి, చుట్టూ వరండా పెట్టి, వరండాకి పక్కకి మూడేసి కమాన్లు తిప్పారు. గోడలు రెండున్నర అడుగుల మందం. రోహిణి కార్తెలో కూడా లోపల చెంప ఆనిస్తే చల్లగా ఉంటుంది.

"బయటికి ఒకటే గోడలా కనిపిస్తుంది గానీ ఇవి రెండు గోడలు మాణిక్యం," అని తోమా రాయి మీద అరచెయ్యి వేసి చెప్పేవాడు. "బయటిదొకటి, లోపలిదొకటి. మధ్యలో చిన్న రాళ్ళూ సున్నమూ ఇసకా కూరారు. ఇదిగో, ఈ పొడుగు రాళ్ళు చూడు. ఈ కొస బయట, ఆ కొస లోపల. ఇవే రెండు గోడల్నీ పట్టుకునుంటాయి. ఇవి పట్టు వదిలాయా, బయట గోడ ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి ఒకేసారి కూలబడుతుంది."

"ముందు తెలీదా?"

"రాళ్ళ సందులోంచి ఇసక కారుతుంది. ఇసక కారడం చూశావంటే ఇంక అక్కడ నిలబడకు."

తోమా నాలుగేళ్ళ కిందట కామెర్లతో పోయాడు. గేటు పక్క గదిలో అద్దం ఫ్రేములో ఫొటో అయ్యాడు. ఆవిడ పొద్దున్నే ఆ అద్దం తుడిచి, ఆ తర్వాతే చీపురు పట్టుకునేది.

మొన్న జూన్‌లో ఉత్తరపు వరండా నడిమి కమాను మీద పగులు కనిపించింది. కింద నల్లరేగడి నేల. ఎండకి బీటలిస్తుంది, వానకి ఉబ్బుతుంది, దాని మీద ఎంతటి గోడైనా కాస్త ఇబ్బంది పడవలసిందే. మాణిక్యం ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇందుజ అని కొత్తగా వచ్చిన ఇంజనీరు, ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు, వచ్చి నిచ్చెనెక్కి చూసింది. పగులుకి అడ్డంగా జానెడు గాజు ముక్క పెట్టి, రెండు కొసలా అంటించి, దాని మీద మార్కరుతో 12-6 అని తేదీ వేసింది. వరండాకి తాడు కట్టించింది.

"గాజు సాగదండి మాణిక్యం గారూ, వంగదు కూడా. గోడ వెంట్రుకవాసి కదిలినా ఇది పగులుతుంది. పగిలిన రోజే నాకు ఫోన్ చెయ్యాలండి."

"అలాగేనండి మేడం గారూ."

ఆగస్టు పద్దెనిమిది, సోమవారం. ఆదివారం రాత్రంతా కుండపోత. పొద్దున్న మాణిక్యం పొడుగు కర్రకి చీపురు కట్టి కమాను మీద బూజులు దులుపుతోంది. దులిపి దులిపి తల ఎత్తి చూస్తే గాజు పగిలి ఉంది. నడిమికి చీలి, సగం ఇటు, సగం అటు.

ముందు చూసింది గోడను కాదు, చేతిలో ఉన్న చీపురును. ఆ తర్వాత గేటు వైపు చూసింది. బోర్డు వెనకవైపు కనిపించింది.

ఇక్కడే ఆవిడ బుర్ర పనిచెయ్యడం మానేసింది. గోడ కదిలిందేమో అన్న ఆలోచన రాలేదని కాదు, వచ్చింది. వచ్చినదాన్ని నిలబడనివ్వకుండా చీపురే తగిలింది, నా చీపురే తగిలింది, సర్కారు సామాను పగలగొట్టేశాను అని ఒకటే గొడవ లోపల. మేకు కొట్టినందుకే సత్తిబాబును పంపేస్తే, ఇంజనీరు గారు తేదీ వేసి అంటించిన గాజు పగలగొట్టినదాన్ని ఏం చేస్తారు? నిచ్చెన వేసుకుని రెండు ముక్కలూ జాగ్రత్తగా ఊడదీసింది. పారేయడానికి చేతులు రాలేదు, అవి కూడా సర్కారువేనాయె. పాత గుడ్డలో చుట్టి సున్నం డబ్బాలో పెట్టింది.

మరి గాజు ఎక్కణ్ణించి తేవాలి? గదిలో ఉన్న గాజల్లా తోమా ముఖం మీదున్నదే. ఫ్రేము విప్పి, అద్దం తీసి, పవర్‌పేటలో ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టుకి పట్టుకెళ్ళి, జానెడు పొడవున రెండు ముక్కలు కోయించింది. ఒకటి చాలు, రెండోది ఎందుకో ఆవిడకే తెలీదు. గుల్లసున్నం మెత్తగా కలిపి, ఇందుజ అంటించినదానికన్నా బాగా అంటించింది. స్కూలు పుస్తకాల కొట్లో మార్కరు కొని, 12-6 అని వేసింది. ఇందుజ ఆరుకి తోక పైకి తిప్పుతుంది. అదీ తిప్పింది.

ఆ రోజు నుంచి ఆవిడకి అన్నం సయించలేదు. ఆ కమాను దగ్గరికి చీపురు తీసుకెళ్ళడం మానేసింది. బూజులు వేలాడుతున్నా సరే, అటు ఊడవదు.

సెప్టెంబరులో ఇందుజ వచ్చింది. నిచ్చెనెక్కి గాజు మీద టార్చి వేసి చూస్తుంటే కింద మాణిక్యం టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. తేదీ చూసి గుర్తుపడుతుంది, ఇప్పుడు గుర్తుపడుతుంది అని ఒక్కో క్షణమే లెక్కపెట్టుకుంది.

"ఇన్ని వానలకీ చెక్కు చెదరలేదండి," అంది ఇందుజ దిగుతూ. "గోడ నిలకడగానే ఉంది. మీరు కంటికి రెప్పలా చూసుకుంటున్నారు గనకే."

ఆ మాటకి మాణిక్యం ఏడవబోయి ఆపుకుంది. చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచింది కూడా. "టీ చల్లారిపోతుందండి," అనేసింది. ఛీ అనుకుంది తనని తాను. తాడు విప్పేశారు. గోడ బాగుందని రిపోర్టు వెళ్ళిపోయింది.

నవంబరులో వారసత్వ వారోత్సవాలొచ్చాయి. ఒక స్కూలు పిల్లలు బంగళా చూసి, ఉత్తరపు వరండాలో కూర్చుని బొమ్మలు వేసుకుంటారని పర్మిషన్ ఇచ్చారు. ఉత్తరపు వరండా ఎందుకంటే అటే నీడ. గురువారం పది గంటలకి కార్యక్రమం. దానికి ముందు మూడు రోజులు ముసురు పట్టి, బుధవారం సాయంత్రానికి తెరిపిచ్చింది.

గురువారం ఏడింటికి మాణిక్యం జంపఖానాలు పరచడానికి వరండాలోకి వెళ్ళి, అలవాటుగా తల పైకెత్తింది.

తోమా అద్దం పగిలి ఉంది.

చేతిలో చీపురు లేదు. మూడు నెలలుగా ఆ పక్కకి చీపురే రాలేదు. సాక్ష్యానికి బూజులు అలాగే వేలాడుతున్నాయి. పగిలింది కూడా సరిగ్గా మొదటిదానిలాగే, నడిమికి చీలి, సగం ఇటు, సగం అటు. అంటే ఆగస్టులో పగలగొట్టింది చీపురు కాదు.

ఏం చెయ్యాలి? ఏం చేసిందో చెబితే మీకు కోపం వస్తుంది. గదిలోకి పరిగెత్తి, పెట్టె అడుగు నుంచి రెండో గాజు ముక్క తీసింది. సున్నం కలిపింది. నిచ్చెన వేసింది. పైకెక్కాక, పగిలిన రెండు సగాలూ ఒక మట్టంలో లేవని కనిపించింది. ఎడమది బియ్యపు గింజంత ముందుకొచ్చి ఉంది. ఆ ముక్కతో పాటు గోడ కూడా ముందుకొచ్చినట్టే. కొత్త గాజు చేతిలోనే ఉండిపోయింది. అంటించలేకపోయింది. అలాగని కిందికి దిగి ఫోనూ చెయ్యలేకపోయింది. గాజును జాకెట్లో దోపుకుని, నూటయాభై ఏళ్ళు నిలబడ్డ గోడ ఇంకో ఒక్క పూట నిలబడదా, ప్రభువా, ఈ ఒక్క పూటా నిలబెట్టు అని మొక్కుకుంది. పిల్లలు వెళ్ళాక చెప్పేస్తానని కూడా మొక్కుకుంది.

పదింటికి బస్సు ఆగింది. నలభై రెండు మంది. గాయత్రి టీచరు దిగి, నవ్వు ముఖంతో, "మాణిక్యం గారూ, జంపఖానాల మీద మట్టి పడుతుందండి. చెప్పులు కాస్త గోడవారన పెట్టించరూ?" అంది.

పిల్లలు చెప్పులు విడిచి, అట్టలూ రంగు పెన్సిళ్ళూ పట్టుకుని కమాను కింద కూర్చున్నారు. ఒక్కరూ వరసగా విడిచిన పాపాన పోలేదు. మాణిక్యం వంగి ఒక్కో జతా సర్దుతూ వెళ్ళింది. ఏదో ఒక పని చేస్తూ ఉండాలి, చేతులు ఖాళీగా ఉంటే ముఖంలో భయం కనిపిస్తుంది. నడిమి కమాను దగ్గర గులాబీ రంగు చెప్పుల జత, కొత్తవి. అందులో ఒకదాన్లో చిటికెడు ఇసక ఉంది. తిరగేసి దులిపి పెట్టింది. పక్క జత సర్ది మళ్ళీ చూస్తే, గులాబీ చెప్పులో మళ్ళీ ఇసక ఉంది.

తల ఎత్తింది. రాళ్ళ సందులోంచి సన్నగా, దారం వేలాడినట్టు, ఇసక కారుతోంది. చప్పుడు లేదు.

ఆ క్షణాన మాణిక్యానికి బోర్డు గుర్తు రాలేదు, జైలు గుర్తు రాలేదు. తోమా అరచెయ్యి గుర్తొచ్చింది.

"లెగండి," అంది. ఎవరూ వినిపించుకోలేదు. మళ్ళీ అంది. "లెగండి పిల్లలూ. అన్నీ ఒదిలేసి బాదం చెట్టు కాడికెళ్ళండి. ఊఁ, నడండి."

"ఏమైందండీ?" అని గాయత్రి టీచరు లేచింది.

"గోడ కదులుతుందండి."

"అదేమిటండీ, ఇంజనీరు గారు గోడ బాగుందని రాసిచ్చారు కదా. కాగితం నా దగ్గరే ఉంది."

"ఆవిడ చూసింది నా గాజునండి. ఆవిడ పెట్టింది ఆగస్టులోనే పగిలిపోయింది. భయపడి నేనే మార్చేశాను. తేదీ కూడా నేనే వేశానండి. అదిప్పుడు మళ్ళీ పగిలింది."

టీచరుకి సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ మాణిక్యం ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. చప్పట్లు కొట్టి పిల్లల్ని లేపింది. వాళ్ళు గొణుక్కుంటూ మెట్లు దిగారు. అఖిల అనే పిల్ల మాత్రం వెనక్కి తిరిగి, "నా చెప్పులండీ, గులాబీవి, మా నాన్న తిడతారండీ," అంటూ గోడవైపు రాబోయింది. మాణిక్యం ఆ పిల్ల జబ్బ పట్టుకుని, ఎత్తుకున్నంత పనిచేసి, చెట్టు దాకా తీసుకుపోయింది.

అక్కణ్ణించే ఫోన్ చేసింది. ఇందుజ తాడేపల్లిగూడెంలో ఇంకో పని మీద ఉంది. అంతా విని, "పిల్లల్ని వరండా వైపు రానివ్వకండి. మీరూ వెళ్ళకండి. వస్తున్నాను," అని పెట్టేసింది.

తర్వాత ఏమీ జరగలేదు. అరగంట గడిచింది, ముప్పావు గంట గడిచింది. గోడ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది. పిల్లలు ఉత్త కాళ్ళతో తడి మట్టిలో నిలబడి విసుక్కుంటున్నారు. డ్రైవరు వచ్చి, "ఇంత గట్టి గోడ పడుద్దాండి, మీ చాదస్తం గానీ," అని వెళ్ళాడు. గాయత్రి టీచరు వాచీ చూసుకుని, "పోనీ చెప్పులైనా తెచ్చుకోమననా?" అంది.

"ఒద్దండి. మీకు దణ్ణం పెడతాను."

మాణిక్యానికి ఇప్పుడు రెండు భయాలు. గోడ పడుతుందేమోనని ఒకటి. పడకపోతే, చేసిన తప్పు తన నోటితో తనే చెప్పుకుని, నలభై రెండు మందిని ఉత్తిపుణ్యానికి బురదలో నిలబెట్టిందాన్నవుతానని ఇంకొకటి. ఛ, అదేం బుద్ధి, పడాలని కోరుకుంటానా అని లెంపలు వేసుకుంది.

పదకొండు దాటాక పెద్ద చప్పుడేం కాదు, లారీలోంచి కంకర దింపినట్టు ఒక బరబర, అంతే. నడిమి కమాను పైనుంచి బయటి గోడ కిందికి జారింది. తెల్లటి సున్నపు దుమ్ము వరండా అంతా కప్పేసింది. పిల్లల్లో ఎవరూ అరవలేదు. దుమ్ము సర్దుకున్నాక చూస్తే లోపలి గోడ అలాగే ఉంది. దాంట్లోంచి పొడుగు రాళ్ళు బయటికి చాచుకుని ఉన్నాయి, పట్టుకోవడానికి ఏమీ లేక. జంపఖానాలు కనిపించలేదు. చెప్పుల వరస కనిపించలేదు.

గాయత్రి టీచరు మాణిక్యం చెయ్యి పట్టుకుంది.

ఇందుజ వచ్చేసరికి పన్నెండు. రాళ్ళ కుప్పను చూసి, పిల్లల్ని చూసి, ఉత్త కాళ్ళను చూసి, కారు తలుపు వెయ్యకుండానే వచ్చేసింది. మాణిక్యం గదిలోంచి సున్నం డబ్బా తెచ్చి, గుడ్డ విప్పి, మొదటి గాజు ముక్కలు ఆవిడ చేతిలో పెట్టింది.

"ఇవి మీయేనండి. చీపురు తగిలిందనుకున్నాను."

ఇందుజ రెండు సగాలూ కలిపి చూసింది. "చీపురు తగిలితే మూల విరుగుతుందండి, లేదా మొత్తం ఊడి పడుతుంది. ఇది నడిమికి చీలింది. గోడే లాగింది." ముక్కల్ని మళ్ళీ గుడ్డలో చుడుతూ, "ఆ రోజే ఫోన్ చేసుంటే, మాణిక్యం గారూ, నేను వచ్చి ఆపు కర్రలు పెట్టించేదాన్ని. గోడ నిలబడేది," అంది.

మాణిక్యం ఖాళీ డబ్బాకి మూత పెట్టింది.

"నేను రాయాల్సింది రాస్తానండి. మీరు చేసిందీ, నేను సరిగ్గా చూడకుండా రాసిచ్చిందీ."

"రాయండి మేడం గారూ."

బస్సు గేటు దగ్గరికొచ్చింది. పిల్లలు ఉత్త కాళ్ళతో వరసగా ఎక్కుతున్నారు. మాణిక్యం తన చెప్పులు విడిచి అఖిల ముందు పెట్టింది. ఆ పిల్ల రెండు పాదాలూ ఒక్క చెప్పులోనే పట్టేలా ఉన్నాయి, అయినా తొడుక్కుని ఈడ్చుకుంటూ ఎక్కింది. మాణిక్యం మెట్టు దగ్గర నిలబడి పాదాలు లెక్కపెట్టింది. ఎనభై నాలుగు రావాలి. మధ్యలో తప్పింది. బస్సులోకి ఎక్కి, సీటు సీటుకీ వంగి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

ఎనభై నాలుగూ ఉన్నాయి.

బస్సు మలుపు తిరిగేదాకా ఆవిడ గేటు దగ్గరే నిలబడింది. బోర్డు స్తంభం పట్టుకుని దాని కిందే మట్టిలో చతికిలబడింది. జాకెట్లో దోపుకున్న గాజు ముక్క ఒంటికి గుచ్చుకుంది. తీసి పక్కన పెట్టి, చీర కొంగు నోట్లో కుక్కుకుని, చాలాసేపు అక్కడే కూర్చుంది.